పెద్దమ్మ పెట్టెలు: ఒక స్కానింగ్ డైరీ

ఇంట్లో పెద్దవాళ్లు రాసిన కాగితాల్ని కట్టలు కట్టి అటక ఎక్కించి, ఎప్పుడో తీరిగ్గా చూద్దామనుకుంటున్నవాళ్ల కోసం ఈ డైరీ. ఏది కుదిరింది, ఏది బెడిసికొట్టింది, ఎంత ఖర్చయింది అన్నవే రాస్తున్నాను.

మా పెద్దమ్మ ఉండేది హైదరాబాద్ అశోక్ నగర్‌లో. ఎనభై దాటింది. కథలు రాసింది, బొమ్మలు వేసింది, రామకోటి ఇప్పటికీ రాస్తోంది. చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు క్యాసెట్లలోకి చదివింది. కొన్నేళ్లు సాయంత్రాలు దగ్గర్లోని బస్తీకి వెళ్లి ఆడవాళ్లకి అక్షరాలు నేర్పింది. ఇవన్నీ వేరువేరు పనులనే మా ఇంట్లో అందరం అనుకునేవాళ్లం.

పెట్టెలు దించిననాటి లెక్క:

- ట్రంకు పెట్టెలు 2, అట్టపెట్టెలు 3
- రామకోటి పుస్తకాలు 61
- కథల నోటుపుస్తకాలు 14
- ముగ్గుల పుస్తకాలు 5
- డ్రాయింగ్ షీట్లు 38
- క్యాసెట్లు 47
- విడి కాగితాలు, ఉత్తరాలు, పత్రిక కత్తిరింపులు: ఒక బియ్యం సంచి నిండా

దశ 1: పురుగు, తుప్పు, తడి

రెండో ట్రంకు పెట్టె తెరవగానే వెండిరంగు పురుగులు అటూ ఇటూ పరిగెత్తాయి. పెట్టెనిండా కలరా ఉండలున్నా వాటికి లెక్కే లేదు. పురుగుల మందు కొట్టవద్దు, కాగితానికీ మనకీ రెండింటికీ మంచిది కాదు. చలి పెట్టడమే మేలు.

1. పుస్తకాలు ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి తీసి, మూతి గట్టిగా అంటించాలి.
2. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి.
3. బయటికి తీశాక ఒక రోజంతా కవరు తెరవకూడదు. తెరిస్తే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ నీళ్లయి కూర్చుంటుంది.

పెద్దమ్మ ఇంట్లో ఉన్నది సింగిల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్‌లో థర్మామీటర్ పెట్టి చూస్తే మైనస్ 9 దాటలేదు. అది ఐసు ముక్కలకి చాలుతుంది, పురుగు గుడ్లకి చాలదు. పిన్ని వాళ్ల రెండు తలుపుల ఫ్రిజ్‌లో మైనస్ 18 వచ్చింది. పచ్చి బఠాణీలు, కొబ్బరి కోరు తీసేసి నోటుపుస్తకాలు సర్దుతుంటే పిన్ని ఏమీ అనలేదు గానీ, ఆ మౌనం రెండు వారాలూ నడిచింది.

తుప్పు పట్టిన గుండుసూదుల్ని లాగితే కాగితం చినుగుతుంది. సూది కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, దాని మీదుగా జరుపుతూ తీయాలి.

పెట్టె అడుగున ఉన్న నాలుగు నోటుపుస్తకాలకి 2000 ఆగస్టు వానలో నీళ్లు తగిలాయి. ఆ నెల 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్ సాగర్ నాలా పొంగి మా వీధుల్లోకి వచ్చేసింది. బాల్‌పెన్నుతో రాసిన పేజీలు చెక్కుచెదరలేదు. ఫౌంటెన్ పెన్ను నీలి సిరా మాత్రం పాకిపోయి లేత మరకలా మిగిలింది. వీటి సంగతి మూడో దశలో.

దశ 2: విడదీయడం, మళ్లీ కలపడం

మొదటి పద్ధతి అందరికీ తోచేదే: సాహిత్యం, చిత్రకళ, భక్తి, సేవ అని నాలుగు అట్టపెట్టెలు. ముగ్గుల పుస్తకం దగ్గర ఈ పద్ధతి ఆగిపోయింది.

ఆ పుస్తకంలో ఎడమ పేజీన చుక్కల ముగ్గు ఉంది. కుడి పేజీన చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క చుట్టూ సున్న చుట్టి, సున్న మీద తలకట్టు పెట్టింది. చుక్క ఉంచితే ‘ఠ’, చెరిపేస్తే ‘ర’. కింద పెన్సిల్‌తో, "వీళ్లకి చెయ్యి తిరిగే ఉంది, పేరు చెప్పడమే మిగిలింది" అని రాసుకుంది. బస్తీలో పాఠం అక్కడినుంచే మొదలుపెట్టేదట. ముగ్గు వచ్చిన చేతికి తెలుగు అక్షరం వంపులు కొత్త కావు. పలకా బలపం చూస్తే బెదిరే ఆడవాళ్లు వాకిట్లో ముగ్గుపిండితో ‘ర’ రాసేవాళ్లట. ఈ పుస్తకం చిత్రకళా? సేవా? దాని వెనక అట్ట మీద ఒక కథ మొదటి పేరా కూడా ఉంది.

కాబట్టి విషయాన్నిబట్టి విడదీసే పద్ధతి వదిలేశాం. ఏది ఏ పెట్టెలో, దేని పక్కన, ఎన్నోదిగా ఉందో అదే దాని నంబరు. ట్రంకు 1లో ఏడో పుస్తకమైతే ‘ట్రం1-07’. అప్పటికే నాలుగు పెట్టెల్లోకి వెళ్లిన పుస్తకాల్ని, పెట్టెలు తెరిచినప్పుడు ఫోనుతో తీసిన ఫొటోలు చూసి మళ్లీ పాత స్థానాల్లో పెట్టాం. ఏ కట్టా విప్పకముందే పైనుంచి ఒక ఫొటో తీయండి. ఈ డైరీలో ఇంకేదీ పాటించకపోయినా అదొక్కటి పాటించండి.

ఒక పుస్తకాన్ని పెద్దమ్మ తన దగ్గరే ఉంచేసుకుంది. "ఇది వద్దు. నేను పోయాక కూడా వద్దు" అంది. పట్టికలో దాని ఎదురుగా ‘ఉంది, తెరవలేదు’ అని రాశాను. నంబరు మాత్రం ఇచ్చాను, లేకపోతే రేపు ఎవరో తప్పిపోయిందని వెతుకుతారు.

దశ 3: ఫొటో స్టాండు

కొన్ని పుస్తకాలు ముందు ఒక స్కానింగ్ షాపుకి ఇచ్చి చూశాం. కాగితాల్ని దానంతటదే లాక్కునే మిషనులో విడి పేజీలు పెట్టారు. అంచులు చిరిగిన రెండు పేజీలు దాంట్లోనే నలిగాయి. పాత కాగితాన్ని ఆ మిషను దగ్గరికి పోనివ్వకండి. ఇంట్లోనే ఫోనుతో తీయడం ఖాయమైంది.

కావలసినవి:

1. బల్లకి బిగించే మొబైల్ క్లాంపు: 450
2. చిన్న ఎల్ఈడీ లైట్లు రెండు: 700
3. అంచులు నూరిన 3 మిల్లీమీటర్ల గాజు పలక: 180

ఖర్చు ఇప్పటిదాకా: 1,330 రూపాయలు.

12 మెగాపిక్సెల్ కెమెరా అంటే పొడవున 4,000 చుక్కలు (పిక్సెళ్లు). లాంగ్ నోటుపుస్తకం పేజీ 27 సెంటీమీటర్లు, అంటే పదిన్నర అంగుళాల పైచిలుకు. ఫ్రేము నిండా పేజీ పడితే అంగుళానికి 370 చుక్కలు వస్తాయి. అంచుల చుట్టూ కాస్త ఖాళీ వదిలినా 300 తగ్గదు, చేతిరాతకి అది చాలు.

లైట్లు పైనుంచి పడితే గాజు మీద మెరుపు. రెండు పక్కలనుంచీ 45 డిగ్రీల వాలులో పెడితే పోయింది. సీలింగ్ ట్యూబ్‌లైట్ ఆర్పేయడం తప్పనిసరి. ఫోను బటన్ వేలితో నొక్కితే ఫొటో కదులుతుంది, మూడు సెకన్ల టైమర్ పెట్టండి.

పాకిపోయిన నీలి సిరాకి పనికొచ్చిన చిట్కా: గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఫొటోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా విడదీసి ఎరుపు పొర ఒక్కటే ఉంచుకోవాలి. నీలి సిరా ఎర్ర వెలుతుర్ని మింగేస్తుంది కాబట్టి ఆ పొరలో నల్లగా కనిపిస్తుంది. పసుపు, గోధుమరంగు నీటి మరకలు అదే పొరలో దాదాపు మాయమవుతాయి. మామూలు ఫొటోలో ఒక్క ముక్క కూడా అర్థంకాని పేజీలు సగానికి పైగా చదవగలిగాం. అంటుకుపోయిన పేజీల్ని మాత్రం విడదీయలేదు. చాకు పెట్టి లాగమని సలహా ఇచ్చినవాళ్లకి మా ఇంట్లో కాఫీ ఇచ్చి పంపేశాం.

ఫొటోల్ని టిఫ్ అనే ఇంకో రకం ఫైళ్లలోకి మార్చమని కొందరంటారు. ఫోను ఇచ్చిందే జేపీఈజీ అయితే, టిఫ్ చేయడంవల్ల 5 ఎంబీ కాస్తా 36 ఎంబీ అవుతుంది తప్ప పేజీలో కొత్త వివరం పుట్టదు. ఎలా వచ్చింది అలాగే దాచండి.

పేజీలు ఇప్పటిదాకా: కథలు 2,316. విడి కాగితాలు 655. మొత్తం 2,971.

దశ 4: ముగ్గులు, బొమ్మలు

పెన్సిల్ గీతకి వేరే తలనొప్పి ఉంది. గ్రాఫైటు మెరుస్తుంది. రెండు పక్కల లైటూ పడితే నల్లగా ఉండాల్సిన గీత వెండిలా తెల్లబడి కాగితంలో కలిసిపోతోంది. గాజు తీసేసి, ఒకే లైటు ఎడమ పక్కనుంచి బాగా కిందికి దించి పెట్టాక గీతలు తేలాయి. గాజు లేకపోతే పేజీ లేస్తుంది కాబట్టి బియ్యం పోసి కుట్టిన చిన్న గుడ్డ మూటలు నాలుగు మూలలా పెట్టాం.

వెలిసిపోయిన ముగ్గు పూర్తిగా ఫొటోలో పడిందో లేదో తెలుసుకోవడం తేలికే. ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు’ అని పక్కన రాసి ఉంటుంది. మధ్య వరుస 15, దానికి అటూ ఇటూ 14 నుంచి 8 దాకా, మొత్తం 169 చుక్కలు రావాలి. 161 వచ్చిందంటే చివరి 8 చుక్కల వరుస కత్తిరింపులో పోయిందన్నమాట. అలా చూసుకుని మళ్లీ తీసిన పేజీలు కొన్ని ఉన్నాయి.

డ్రాయింగ్ షీట్లు 15 x 22 అంగుళాలు. ఒకే ఫొటోలో తీస్తే అంగుళానికి 180 చుక్కలే, కుంచె జాడ కనపడదు. మూడు ముక్కలుగా, ఒక్కో ముక్కలో మూడోవంతు పక్క ముక్కలోనూ పడేలా తీసి, ఫొటోలు అతికే హ్యూజిన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే 260 దాకా వచ్చింది. పోస్టర్ రంగు పొలుసుల్లా లేస్తున్న షీట్లని తుడవలేదు, మెత్తటి బ్రష్‌తో కూడా.

పేజీలు ఇప్పటిదాకా: ముగ్గులు 412, షీట్లు 38 కలిపి 3,421.

దశ 5: రామకోటి

ఇది చేయాల్సిన పనుల జాబితాలో లేదు. 61 పుస్తకాల్నీ శ్రీరామనవమిలోపు భద్రాచలం పంపించి స్వామివారి దగ్గర సమర్పించాలని ఇంట్లో ఎప్పుడో నిర్ణయమైపోయింది. పేజీకి 27 గీతలు, గీతకి నాలుగు ‘శ్రీరామ’లు, అంటే 108. రెండు వందల పేజీల పుస్తకంలో 21,600. అరవై ఒక్క పుస్తకాలకి 13,17,600. కోటికి 463 పుస్తకాలు కావాలి. ఈ లెక్క చెబితే పెద్దమ్మ, "లెక్కలు చూసుకునేదాన్నయితే బ్యాంకులో చేరేదాన్ని కదే" అని నవ్వేసింది.

కట్టలు కడుతుండగా అన్నయ్య ఒక పుస్తకం అంచు చూపించాడు. ఏ రోజు ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడ ఎడమ మార్జిన్‌లో తిథి రాసి ఉంది. దాని పక్కనే చీమతలకాయంత అక్షరాల్లో: "కథ అయింది. పేరు కుదరలేదు." ఇంకో చోట: "సాంఘికశాస్త్రం 6వ పాఠం, రెండో వైపు మళ్లీ చదవాలి, దగ్గు వచ్చింది." ఇంకో చోట: "పార్వతి సంతకం పెట్టింది." కథల పుస్తకాల్లో ఒక్క తేదీ లేదు. క్యాసెట్ల మీద పాఠం పేరు తప్ప ఏమీ లేదు. ఏ పని ఎప్పుడు జరిగిందో చెప్పే కాగితం పెట్టెలన్నింట్లోకీ ఇదొక్కటే, దాన్నే ముందు పంపించేయబోతున్నాం.

అన్ని పేజీలూ తీయాలంటే పన్నెండు వేలు దాటతాయి, అక్కర్లేదు. మార్జిన్‌లో ఏదైనా రాసి ఉన్న పేజీలే తీశాం: 1,927.

తిథిని ఇంగ్లీషు తేదీలోకి మార్చే పద్ధతి:

1. సంవత్సరం పేరు చూడాలి. ప్రభవ ఉగాది 1987లో, విభవ 1988లో, అలా వరసగా. విక్రమ 2000, తారణ 2004.
2. చైత్రం నుంచి మార్గశిరం దాకా దాదాపు అదే ఇంగ్లీషు సంవత్సరం. మాఘ, ఫాల్గుణాలు వచ్చే సంవత్సరంలో పడతాయి. పుష్యాన్ని పంచాంగంలో చూసే రాయాలి, అది డిసెంబరు చివర్లో మొదలైనా ఎక్కువ రోజులు జనవరిలో ఉంటుంది.
3. అధిక మాసం వచ్చిన ఏళ్లలో ‘అధిక’, ‘నిజ’ అని పెద్దమ్మ రాసిందో లేదో చూడాలి. తారణలో శ్రావణం రెండుసార్లు వచ్చింది.

ఎక్సెల్‌లో వేసిన ఫార్ములా రెండో మెట్టు దగ్గర చతికిలపడింది. ప్రభవ అని కనిపిస్తే చాలు 1987 వేసేసింది. దాంతో ప్రభవ మాఘంలో పూర్తయిన కథ, అదే ఏడు శ్రావణంలో మొదలైన కథకంటే ముందుకి వెళ్లి కూర్చుంది. మాసానికి వేరే గడి పెట్టి, పుష్యం వచ్చిన చోట గడి ఎర్రబడేలా చేసి, వాటిని చేత్తో సరిచూశాం.

తేదీ దొరికిన కథలు: 52లో 31. మిగతావాటిలో సిరా రంగు, పెన్ను పాళీ మందం పోల్చి మరో ఎనిమిదింటికి ‘బహుశా’ అని రాశాం. ఆ ‘బహుశా’కి వేరే గడి ఉంది, ఖాయమైనవాటిలో కలపలేదు.

పేజీలు ఇప్పటిదాకా: 5,348. సైజు సుమారు 27 జీబీ.

దశ 6: క్యాసెట్లు

38 సీ-60లు (గంటవి), 9 సీ-90లు (గంటన్నరవి). అన్నీ తిరిగితే 3,090 నిమిషాలు, యాభై ఒక్క గంటన్నర.

ఇంట్లో ఉన్న టూ-ఇన్-వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసినది) తెరిస్తే రబ్బరు బెల్టు కరిగి జీడిలా అంటుకుపోయి ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో కొత్త బెల్టు, దాన్ని వేసినవాడి కూలీ కలిపి 350. టేపుని చదివే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదిపుల్లలతో ప్రతి నాలుగైదు క్యాసెట్లకీ ఒకసారి తుడవాలి. పాత టేపు గోధుమరంగు పొడి వదులుతూనే ఉంటుంది.

హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్ మైకు రంధ్రానికి తీగ కలిపితే గొంతు పగిలిపోయింది. మైకు రంధ్రం సన్నటి సిగ్నల్ కోసం చేసింది, దాంట్లోకి ఇంత గట్టిది పంపకూడదు. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, 1,600. ఖర్చు ఇప్పటిదాకా: 3,280.

ఆ తర్వాత వేగం. పెద్దమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. బెల్టు మార్చాక మోటారు వేగంగా తిరుగుతోందని తెలుస్తోంది గానీ ఎంతో తెలియాలి కదా. ముందు కరెంటు హమ్ పట్టుకున్నాం. మన కరెంటు 50 హెర్ట్జ్, టేపు వెనకాల సన్నగా వినిపించే ఆ మోత ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రమ్‌లో 51.1 దగ్గర కనిపించింది. అంటే 2 శాతం ఎక్కువ. సరిచేసినా గొంతు ఇంకా పీలగానే ఉంది.

అన్నయ్య ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని, "గోడ గడియారం వినిపిస్తోంది" అన్నాడు. పెద్దమ్మ చదివే గదిలో క్వార్ట్జ్ గడియారం ఉండేది, సెకనుకి ఒక టిక్కు. అరవై టిక్కులు కొలిస్తే మన దగ్గర 57.3 సెకన్లలో అయిపోతున్నాయి. వేగం 4.7 శాతం ఎక్కువ! ఆడాసిటీలో వేగాన్ని మైనస్ 4.5 శాతం చేయగానే మా పెద్దమ్మ వచ్చేసింది. మరి హమ్ ఎందుకు తేడా చెప్పింది? 51.1ని 1.047తో భాగిస్తే 48.8. ఆ రోజుల్లో సాయంత్రం లోడు పడితే దక్షిణాది గ్రిడ్ 50 దగ్గర నిలిచేది కాదు, కిందికి జారేది. అప్పటి రికార్డింగులకి కరెంటు హమ్‌ని కొలబద్దగా పెట్టుకోకండి. గడియారం దొరికితే గడియారమే.

చివరి అడ్డంకి ఖాళీలు. పాఠం మధ్యలో పది, పదిహేను సెకన్ల నిశ్శబ్దాలు వస్తున్నాయని, వాటిని కుదించే ఎఫెక్ట్ వేశాం. ఫైలు చిన్నదైంది, వినడానికి బాగుంది. తర్వాత భూగోళం పాఠం వింటుంటే ఇలా వచ్చింది:

"ఇక్కడ పటం ఉంది బాబూ, చెప్తాను. ఎడమ చెయ్యి బల్ల మీద వాల్చండి, వేళ్లు కుడివైపుకి. మోచెయ్యి కాస్త పైకి జరపండి. మోచేతి దగ్గర త్ర్యంబకం. అక్కడ పుట్టింది గోదావరి. మణికట్టుకి రెండు వేళ్లు ఇవతల భద్రాచలం. మణికట్టు ధవళేశ్వరం. ఇప్పుడు వేళ్లు విడదీయండి, అవి పాయలు. కుడి చేత్తో ఒకసారి తడిమి చూసుకోండి."

ఆ తర్వాతే ఆ నిశ్శబ్దం. పిల్లలు తడిమి చూసుకోవడానికి వదిలింది. ఎఫెక్ట్ తీసేసి, అప్పటిదాకా చేసిన ఫైళ్లన్నీ మూలం నుంచి మళ్లీ తయారుచేశాం. మూలం ముట్టుకోకుండా పక్కన ఉంచుకోవడంవల్లే అది కుదిరింది. రామకోటి అంచుల్లో ‘మోచెయ్యి పటం’ అని ఒక మాట కనిపించి ఏమిటో అర్థం కాలేదు, అదీ ఇదేనని తేలింది. అది రాసిన వారంలోనే, ఒక చెరువుగట్టు కథ కూడా పూర్తయింది. ఆ కథలో ఊరి వర్ణన అంతా కుడి, ఎడమ, పైకి, కిందికి అనే నడుస్తుంది, ఒక్క రంగు పేరు లేదు. పెద్దమ్మని అడిగితే, "అప్పట్లో అలాగే వచ్చేది చెయ్యి" అంది.

పూర్తయిన క్యాసెట్లు: 47లో 44. 16 బిట్ మోనోలో నిమిషానికి 5.3 ఎంబీ, మొత్తం సుమారు 16 జీబీ లోపే.

దశ 7: టైపు

చేతిరాతని ఫొటోనుంచి నేరుగా అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు పెద్దమ్మ గొలుసుకట్టు దగ్గర చేతులెత్తేశాయి. అచ్చులో వచ్చిన కత్తిరింపులకి మాత్రం టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఫర్వాలేదు, వత్తులు సరిచూసుకుంటే చాలు. చేతిరాత పేజీ టైపు చేయడానికి 25 నిమిషాలు పట్టింది. అదే ఫోనులో వాయిస్ టైపింగ్ పెట్టి పైకి చదివితే 9 నిమిషాలు, దిద్దడానికి ఇంకో 8. యాసలో ఉన్న సంభాషణల్ని మాత్రం ఫోను పట్టుబట్టి పుస్తకభాషలోకి మార్చేస్తుంది, వాటిని చేత్తోనే కొట్టాలి.

డీటీపీ వాళ్లకి ఇచ్చేటప్పుడు యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పండి. పాత ఫాంట్లలో కంపోజ్ చేస్తే తర్వాత మార్చుకునేసరికి వత్తులు ఎక్కడివక్కడ ఊడిపోతాయి.

టైపు అయిన కథలు: 52లో 19.

ఇప్పుడున్న పరిస్థితి

హార్డ్ డిస్కులు రెండు, ఒక్కోటి 4,800. ఒకటి పెద్దమ్మ ఇంట్లో, రెండోది పిన్ని ఇంట్లో. మొత్తం ఖర్చు 12,880.

రామకోటి పుస్తకాలు నవమికి ముందే భద్రాచలం వెళ్లాయి. 62వది నడుస్తోంది, దాని అంచులు ఉగాదికి తీస్తాం.

మిగిలినవి:

1. టేపు తెగిన రెండు క్యాసెట్లు. స్ప్లైసింగ్ టేపు దొరికాకే ముట్టుకోవాలి, సెల్లోటేపు వేస్తే జిగురు హెడ్‌కి అంటుతుంది.
2. బూజు పట్టిన ఒక క్యాసెట్. దీన్ని మా మిషనులో పెట్టేది లేదు, మిగతావాటికి అంటుకుంటుంది.
3. అచ్చయిన కథల కోసం బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ పాత పత్రికలు తిరగేయాలి. తేదీలు దొరికాయి కాబట్టి ఏ ఏడాది సంపుటాలు అడగాలో ఇప్పుడు తెలుసు.
4. ‘పార్వతి సంతకం పెట్టింది’ లాంటి చోట్ల పేర్లు. బయటికి ఇచ్చే కాపీలో వాటిని తీసేయాలా వద్దా అన్నది పెద్దమ్మ ఇంకా తేల్చలేదు. "వాళ్లనే అడగాలి" అంటోంది. బస్తీలో పాతవాళ్లు ఇంకా ఎవరెవరున్నారో కనుక్కుంటున్నాం.